ప్రథమ చికిత్స శిక్షణ: ఇళ్లలో, పనిచోట్ల తరచుగా అడిగే ప్రశ్నలు

108కి ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తుంది కదా, మనం నేర్చుకోవడం దేనికి?

వస్తుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ తెలుగువాళ్లకు బాగా అలవాటైపోయింది, ఫోన్ చేయడం ఎప్పుడూ మొదటి పనే. సమస్య ఆ బండి వచ్చేదాకా గడిచే సమయంతోనే. గుండె ఆగిపోయిన మనిషికి సీపీఆర్ (ఛాతీని లయగా నొక్కుతూ రక్తం ఆడేలా చూడటం) అందని ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం దాకా తగ్గిపోతుంది. నాలుగైదు నిమిషాలు ఆక్సిజన్ అందకపోతే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. పెద్ద రక్తనాళం తెగితే, గొంతులో ముద్ద అడ్డం పడితే ఆ వ్యవధి కూడా ఉండకపోవచ్చు. అంత త్వరగా ఏ ఊళ్లోనూ అంబులెన్స్ గుమ్మం ముందు ఆగదు. అప్పటికి పక్కన ఉండేది ఇంట్లోవాళ్లో, తోటి పనివాళ్లో, దారిన పోయేవాళ్లో.

ఇంకో కారణం కూడా ఉంది. శిక్షణలో సగం భాగం ఏం చేయకూడదో నేర్పేదే. సాయం చేయాలన్న తొందరలో మనవాళ్లు చేసే పనులు కొన్ని అసలు గాయం కన్నా ఎక్కువ నష్టం చేస్తాయి.

వీడియోలు చూసి నేర్చుకుంటే సరిపోదా?

వీడియో చూస్తే ఏం చేయాలో తెలుస్తుంది, ఎంత గట్టిగా చేయాలో తెలియదు. శిక్షణలో వాడే మనిషి బొమ్మ మీద మొదటిసారి సీపీఆర్ చేసేవాళ్లను గమనిస్తే తప్పులు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. దెబ్బ తగులుతుందేమోనన్న భయంతో పైపైన నొక్కుతారు. మోచేతులు వంగిపోతాయి, దాంతో బలమంతా భుజాల మీద పడి నిమిషంలోనే అలసిపోతారు. చేయి మెల్లగా పొట్టవైపు జారుతుంది. నొక్కాక ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వకుండా దాని మీదే వాలి ఉంటారు. పక్కనుండి ఒకరు చూసి చెప్తే తప్ప తాను చేస్తున్నది తప్పని చేసేవాళ్లకు తెలియదు. వీడియో ఆ పని చేయలేదు. ఒకసారి శిక్షణ అయ్యాక గుర్తు చేసుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

సీపీఆర్ ఎప్పుడు, ఎలా చేయాలి?

మనిషి పిలిచినా, భుజం తట్టినా పలకడం లేదు, మామూలుగా ఊపిరి తీసుకోవడం లేదు: ఈ రెండూ ఉంటే చాలు. నాడి కోసం వెతుకుతూ కూర్చోవద్దు. కంగారులో మన వేలి నాడే మనకు తెలుస్తుంటుంది. చాలామంది పొరబడేది ఇంకోచోట ఉంది. గుండె ఆగిన తర్వాత కూడా కొందరు నోరు తెరిచి, ఆగి ఆగి, గురక లాంటి శబ్దంతో గాలి పీలుస్తారు. చూసినవాళ్లు ‘ఊపిరి ఆడుతోంది, ఫర్వాలేదు’ అనుకుంటారు. అది ఊపిరి కాదు. వెంటనే మొదలుపెట్టాలి.

మంచం మీదో పరుపు మీదో ఉంటే నేల మీదికి దించండి. మెత్తటి చోట నొక్కితే పరుపు దిగుతుంది కానీ ఛాతీ దిగదు. ఒకరిని పేరు పెట్టి పిలిచి 108కి ఫోన్ చేయమనండి. ‘ఎవరైనా ఫోన్ చేయండి’ అంటే అందరూ పక్కవాళ్లు చేస్తారనుకుంటారు. ఒంటరిగా ఉంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి పక్కన ఉంచండి.

ఛాతీ మధ్య ఎముక కింది సగం మీద ఒక అరచేతి మడమ (మణికట్టు దగ్గరి గట్టి భాగం), దాని మీద రెండో చేయి. మోచేతులు నిటారుగా, భుజాలు సరిగ్గా చేతుల మీదుగా రావాలి. పెద్దవాళ్లకు 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. శిక్షణ పొందినవాళ్లు 30 నొక్కులకు 2 సార్లు నోటి ద్వారా గాలి ఊదుతారు. శిక్షణ లేకపోయినా, ఊదడానికి ఇష్టం లేకపోయినా ఆపకుండా నొక్కుతూ ఉండడమే మేలు. నీళ్లలో మునిగినవాళ్లకు, చిన్నపిల్లలకు మాత్రం గాలి ఊదడం ముఖ్యం, ఎందుకంటే వాళ్లలో ఎక్కువగా ముందు ఆగేది ఊపిరి, ఆ తర్వాతే గుండె.

లెక్క గురించి ఒక చిన్న మాట. పదకొండు, పన్నెండు, పదమూడు అని పైకి లెక్కపెట్టేసరికి మాట పొడుగై చేయి నెమ్మదిస్తుంది. ఒకటి నుంచి పది దాకా మూడుసార్లు లెక్కపెట్టుకోండి, వేగం నిలుస్తుంది. రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలి. అలసట తెలియకపోయినా అప్పటికే లోతు తగ్గిపోతుంది. మారేటప్పుడు పది సెకన్లకు మించి ఆపొద్దు.

పక్కటెముక విరిగితే?

విరగొచ్చు, ముఖ్యంగా పెద్ద వయసువాళ్లకు. టక్కుమన్న శబ్దం వినగానే చాలామంది చేయి తీసేస్తారు. చేతులు సరైన చోట ఉన్నాయో లేదో చూసుకుని కొనసాగించండి. విరిగిన పక్కటెముక అతుక్కుంటుంది.

ఛాతీలో నొప్పి వస్తే గ్యాసో గుండెపోటో ఎలా తెలుస్తుంది?

ఇంట్లో కూర్చుని తేల్చలేరు. డాక్టర్లే ఈసీజీ తీయకుండా చెప్పరు. మన దగ్గర ఎక్కువ ఆలస్యం జరిగేది ఇక్కడే: గ్యాస్ అనుకుని సోడా తాగించడం, వాము నమిలించడం, కాసేపు పడుకోమనడం, తెల్లారాక చూద్దాంలే అనడం. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు, పట్టేసినట్టు ఉండి, నొప్పి ఎడమ చేతికో దవడకో వీపుకో పాకుతూ, చెమటలు పడుతుంటే గుండెపోటు అనే అనుకోండి. షుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు నొప్పి అంతగా లేకుండా ఆయాసం, వికారం, విపరీతమైన నీరసం మాత్రమే ఉండొచ్చు. మనిషిని నడిపించొద్దు, మెట్లు దించొద్దు, తనే బండి నడుపుకుంటూ వెళ్లనివ్వొద్దు. గోడకు ఆనించి, మోకాళ్లు మడిచి కూర్చోబెట్టండి. 108కి చెప్పాక, ఆస్పిరిన్ పడకపోవడం, ఈమధ్య రక్తస్రావం, పక్షవాతం లక్షణాలు ఏవీ లేకపోతే 300 మిల్లీగ్రాముల మామూలు ఆస్పిరిన్ నమిలి మింగమనవచ్చు.

ఏఈడీ అంటే ఏమిటి, దాన్ని మామూలు మనిషి వాడొచ్చా?

గుండె లయ చూసి అవసరమైతేనే షాక్ ఇచ్చే పెట్టె. విమానాశ్రయాల్లో, కొన్ని పెద్ద ఆఫీసుల్లో, మాల్స్‌లో గోడకు ఉంటుంది. మూత తెరిచి ఆన్ చేస్తే ఏం చేయాలో అదే చెప్తుంది. ఒక ప్యాడ్ కుడి కాలర్ ఎముక కింద, రెండోది ఎడమ చంక కింది పక్కన. చెమట ఉంటే తుడవాలి, లేకపోతే ప్యాడ్ అంటుకోదు. షాక్ అవసరం లేని మనిషికి అది షాక్ ఇవ్వదు, కాబట్టి భయం అక్కర్లేదు. చాలా ఆఫీసుల్లో అసలు ఇబ్బంది అది ఏ అంతస్తులో ఉందో సెక్యూరిటీ గార్డుకు తప్ప ఎవరికీ తెలియకపోవడం.

గొంతులో ఏదైనా అడ్డం పడితే?

దగ్గగలుగుతుంటే దగ్గనివ్వండి, అంతకన్నా మంచి మందు లేదు. మాట రాక, శబ్దం రాక, గొంతు పట్టుకుని నీలంగా మారుతుంటే ముందుకు వంచి రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో 5 సార్లు గట్టిగా కొట్టండి. రాకపోతే వెనుక నిలబడి బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి, రెండో చేత్తో పట్టుకుని లోపలికి, పైకి 5 సార్లు గుంజండి. బయటపడేదాకా ఇవి రెండూ మార్చి మార్చి చేయాలి. గర్భిణులకు, బాగా లావున్నవాళ్లకు పొట్ట మీద కాకుండా ఛాతీ మీద చేయాలి. స్పృహ తప్పితే పడుకోబెట్టి సీపీఆర్.

ఏడాదిలోపు బిడ్డకు పొట్ట నొక్కడం ఉండనే ఉండదు. ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పెట్టుకుని వీపు మీద 5 దెబ్బలు, వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో 5 నొక్కులు. కాళ్లు పట్టి తలకిందులుగా ఊపడం, కనిపించని దాని కోసం వేలు పెట్టి తీయబోవడం మానాలి. వేలు దాన్ని ఇంకా లోపలికి తోస్తుంది.

మన ఇళ్లలో చేసే పనుల్లో తప్పకుండా మానాల్సినవి ఏవి?

కాలిన చోట టూత్‌పేస్టు, సిరా, దోసెల పిండి, పసుపు, ఐసు. వేటికీ వేడిని లాగేసే శక్తి లేదు, ఐసుకు ఉన్నా అది చర్మాన్ని మరోరకంగా చంపుతుంది. కుళాయి కింద మామూలు చల్లటి నీళ్లు 20 నిమిషాలు పారించాలి. రెండు నిమిషాలకే మంట తగ్గినట్టుంటుంది, అందరూ అక్కడే ఆపేస్తారు. చర్మం అడుగు పొరలో వేడి అప్పటికి ఇంకా మిగిలే ఉంటుంది. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయండి. అంటుకుపోయిన బట్టను పీకొద్దు. బొబ్బలు చిదపొద్దు.

ఫిట్స్ వచ్చినవాళ్ల చేతిలో తాళాల గుత్తి, ముక్కు దగ్గర ఉల్లిపాయ, పళ్ల మధ్య చెంచా. మొదటి రెండూ పనికిరానివి, మూడోది పళ్లు విరగ్గొట్టేది. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు జరిపి, తల కింద మడిచిన బట్ట పెట్టి, టైము చూడండి. కుదుపులు ఆగగానే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 5 నిమిషాలు దాటినా, స్పృహ రాకుండానే మళ్లీ వచ్చినా 108.

మూతి వంకర పోయి, ఒక చేయి లేవక, మాట ముద్దగా వస్తుంటే అది పక్షవాతం కావచ్చు: నోట్లో నీళ్లు పోయొద్దు, నాటు వైద్యానికి తిప్పొద్దు. మెదడు రక్తనాళంలో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇస్తారు, అందులో స్కానింగ్ సమయమూ ఉంటుంది. మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి. చికిత్స చాలావరకు ఆ సమాచారం మీదే ఆధారపడుతుంది.

పాము కరిస్తే కట్టు కట్టాలా?

వద్దు. తాడు బిగించి కడితే విషం ఆగదు, రక్తం ఆగుతుంది. రక్తపింజర కాటులో కండ అప్పటికే చెడిపోతుంటుంది, కట్టు దాన్ని ఇంకా పాడుచేస్తుంది. ఆస్పత్రిలో ఒక్కసారిగా విప్పితే పరిస్థితి విషమించవచ్చు కూడా. బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, మంత్రం కోసం ఆగడం అన్నీ వృథా. కరిచిన కాలినో చేతినో విరిగిన ఎముకకు కట్టినట్టు కర్రతో కదలకుండా చేసి, మనిషిని నడిపించకుండా, విరుగుడు మందు ఉన్న ఆస్పత్రికి చేర్చండి. మెట్టెలు, పట్టీలు, ఉంగరాలు ముందే తీయండి.

పామును చంపి తీసుకెళ్లాల్సిన పని లేదు. మన దేశంలో వాడే విరుగుడు ఒక్కటే, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ పనిచేస్తుంది. చంపబోయి ఇంకొకరు కాటు తింటున్నారు. కట్లపాము సంగతి వేరుగా గుర్తుంచుకోవాలి. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి గానీ వాపు గానీ పెద్దగా ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, కనురెప్పలు వాలిపోతూ, మాట తడబడితే కాటు గుర్తు కనిపించకపోయినా ఆస్పత్రికే వెళ్లాలి.

కరెంటు షాక్ కొట్టినవాళ్లను ఎలా విడిపించాలి?

ముందు సరఫరా ఆపాలి. మెయిన్ స్విచ్ దించండి, బోరు మోటారైతే స్టార్టర్ ముట్టుకోకుండా ఫ్యూజులు లాగండి. అది కుదరకపోతే ఎండిన కర్రతో, పొడి నేల మీదో పొడి చెక్క మీదో నిలబడి తీగను నెట్టండి. తడిసిన మడిలో కర్ర కూడా నమ్మకమైంది కాదు. తెగిపడిన 11 కేవీ లైనైతే కర్రలూ చెప్పులూ పనికిరావు. దూరంగా ఉండి 1912కి ఫోన్ చేసి సరఫరా ఆపించాకే దగ్గరికి వెళ్లాలి. పైకి చిన్న మచ్చే కనిపించినా, మనిషి లేచి కూర్చున్నా ఈసీజీ తీయించాలి.

పురుగుమందు తాగినా, ఒంటి మీద పడినా?

వాంతి చేయించొద్దు. ఉప్పునీళ్లు, పేడనీళ్లు, చింతపండు రసం పోసి కక్కించాలని చూస్తారు. మగతలో ఉన్న మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కొన్ని మందుల్లో కిరోసిన్ లాంటి ద్రావకం ఉంటుంది, అది ఊపిరితిత్తులను ఇంకా త్వరగా దెబ్బతీస్తుంది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తడిసిన బట్టలు తీసేసి సబ్బుతో ఒళ్లు కడగండి. చేతికి గ్లౌజులో, ప్లాస్టిక్ సంచులో వేసుకోండి, లేకపోతే మీ చర్మం నుంచీ ఎక్కుతుంది. డబ్బా లేబుల్‌తో సహా ఆస్పత్రికి పట్టుకెళ్లండి. మందు పేరు తెలిస్తే విరుగుడు వెతకడం తేలిక.

మిషన్‌లో వేలు తెగితే ఏం చేయాలి?

ముందు మనిషిని చూడాలి, వేలు తర్వాత. గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి అరచేతితో గట్టిగా ఒత్తండి. తగ్గిందా అని నిమిషానికోసారి ఎత్తి చూస్తే గడ్డకడుతున్న రక్తం మళ్లీ లేస్తుంది. పసుపు, కాఫీ పొడి, సున్నం పెట్టొద్దు, సర్జన్ అదంతా గీకి తీయాలి. చేయో కాలో నలిగి, ఒత్తినా ఆగకుండా రక్తం చిమ్ముతుంటే గాయానికి 5 నుంచి 7 సెంటీమీటర్ల పైన, కీలు మీద కాకుండా, టోర్నికేట్ (రక్తం ఆగేలా బిగించే పట్టీ) బిగించి కట్టిన టైము రాసిపెట్టండి. పాముకాటుకు కట్టొద్దని, దీనికి కట్టాలని శిక్షణలో చాలామంది తికమకపడతారు. ఇక్కడ ఆపాల్సింది రక్తమే.

తెగిన వేలిని తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్‌లో కట్టి, ఆ కవర్‌ను ఐసు ముక్కలున్న ఇంకో కవర్‌లో పెట్టాలి. నేరుగా ఐసులో వేస్తే కణాలు గడ్డకట్టి అతికించడానికి పనికిరాకుండా పోతుంది.

సంపులో, డ్రైనేజీలో, రసాయన ఫ్యాక్టరీ రియాక్టర్‌లో మనిషి పడిపోతే?

దిగొద్దు. శిక్షణలో ఎన్నిసార్లు చెప్పినా తక్కువే అయ్యే మాట ఇది. ఒకరు పడితే కాపాడబోయి రెండోవారు, వాళ్ల కోసం మూడోవారు చనిపోయే ప్రమాదాలు ఇవి. లోపల విషవాయువు ఉండొచ్చు, ఆక్సిజన్ తక్కువై ఉండొచ్చు. హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు మొదట కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది, మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టడమే మానేస్తుంది, కాబట్టి వాసన పోయిందంటే గాలి బాగుందని కాదు. ఆక్సిజన్ తక్కువైన చోట వాసనే ఉండదు, ఒకటి రెండు ఊపిర్లకే స్పృహ పోవచ్చు. ముఖానికి తడిగుడ్డ, మామూలు మాస్క్ దీన్ని ఆపవు. దిగినవాళ్ల నడుముకు ముందే తాడు ఉండాలి, పైన ఒకరు కాపలా ఉండాలి, అప్పుడు పైనుంచే లాగొచ్చు. అది లేకపోతే ఫైర్ సర్వీసును 101కి పిలిచి, పైనుంచి బ్లోయర్‌తో గాలి పంపుతూ ఉండటం వరకే.

వడదెబ్బా, నీరసమా?

తల తిరిగి, చెమటలు పట్టి, మాట సరిగ్గా ఉంటే నీరసం: నీడకు చేర్చి ఓఆర్ఎస్ తాగించండి. తికమకగా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఫిట్స్ వచ్చినా వడదెబ్బే, ఒంటికి చెమట ఉన్నా సరే. నోట్లో ఏమీ పోయకుండా ఒళ్లంతా నీళ్లతో తడిపి ఫ్యాన్ పెట్టి, చంకల్లో, గజ్జల్లో ఐసు ఉంచి, బండి వచ్చేదాకా చల్లబరుస్తూనే ఉండండి. పారాసెటమాల్ ఈ వేడిని తగ్గించదు.

పనిచోట చట్టం ఏం అడుగుతుంది?

1948 ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్ లెక్క ప్రకారం 150 మందికి ఒకటికి తగ్గకుండా ప్రథమ చికిత్స పెట్టెలు, ప్రతి పెట్టెకూ సర్టిఫికెట్ ఉన్న ఒక బాధ్యుడు, ఆ మనిషి పని వేళల్లో అందుబాటులో ఉండటం, 500 మంది దాటితే అంబులెన్స్ గది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2020 అమల్లోకి వచ్చింది. అందులోనూ ప్రథమ చికిత్స పెట్టెలు, 500 మంది దాటితే అంబులెన్స్ గది ఉన్నాయి.

చట్టం అడిగే సంఖ్య కనీసం మాత్రమే. సర్టిఫికెట్ ఉన్న ఒక్కరూ జనరల్ షిఫ్టులో ఉంటే రాత్రి షిఫ్టుకు ఎవరూ లేనట్టే. ప్రతి షిఫ్టులో, ప్రతి అంతస్తులో లేదా షెడ్డులో ఇద్దరు ఉండేలా చూడండి, ఒకరు సెలవు పెట్టినా ఇంకొకరు ఉంటారు. కాంట్రాక్టు కార్మికులను వదిలేయకండి. ప్రమాదకరమైన పనులు ఎక్కువగా చేసేది వాళ్లే. సూపర్‌వైజర్లకు మాత్రమే నేర్పి ఊరుకుంటే ప్రమాదం జరిగినప్పుడు వాళ్లు మీటింగులో ఉంటారు.

పెట్టెలో ఏం ఉండాలి?

గ్లౌజులు, స్టెరైల్ గాజ్ గుడ్డ, 5, 10 సెంటీమీటర్ల రోలర్ బ్యాండేజీలు, త్రికోణ కట్లు, అంటుకునే టేపు, మొద్దు మొన కత్తెర, సెలైన్ సీసా, పెద్ద డ్రెసింగ్ ప్యాడ్లు, సీపీఆర్ మాస్క్, టోర్నికేట్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, టార్చి, చిన్న పుస్తకం, పెన్ను. దూదిని నేరుగా గాయం మీద పెట్టొద్దు, పోగులు అతుక్కుంటాయి. చాలా పెట్టెల్లో కనిపించేది ఎండిపోయిన అయోడిన్ సీసా, గడువు దాటిన నొప్పి మాత్రలు, ఒక్క గ్లౌజూ లేకపోవడం. ఇంకా ఘోరం తాళం: తాళంచెవి ఆఫీసు గదిలో ఉంటుంది, ఆ గది సాయంత్రం ఆరుకు మూస్తారు. సామాన్లు పోతున్నాయని తాళం వేస్తారు. దానికి బదులు తెంపడానికి సులువైన ప్లాస్టిక్ సీలు వేసి, సీలు తెగినప్పుడల్లా లెక్క చూసుకుంటే సరిపోతుంది.

సాయం చేస్తే పోలీసు కేసులో ఇరుక్కుంటామా?

రోడ్డు ప్రమాదాల్లో మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణలో చేర్చిన 134ఎ సెక్షన్ ఉంది. మంచి మనసుతో, ప్రతిఫలం ఆశించకుండా సాయం చేసినవాళ్ల మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ ఉండదు. పేరు, చిరునామా చెప్పాలని బలవంతం చేయకూడదు. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు కూడా ఈ రక్షణలను ఖాయం చేసింది. మిగతా సందర్భాల్లో భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్, స్పృహలో లేని మనిషి మేలు కోసం సదుద్దేశంతో చేసిన పనిని నేరంగా చూడదు. మీకు రాని పని చేయకండి, అంతే.

ఎక్కడ నేర్చుకోవాలి? సర్టిఫికెట్ ఎన్నాళ్లు చెల్లుతుంది?

ఇండియన్ రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ శాఖలు శిక్షణ ఇస్తాయి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కోర్సులు నేర్పే కేంద్రాలు నగరాల్లో ఉన్నాయి, ఆ కార్డు రెండేళ్లు చెల్లుతుంది. చేరేముందు ఒకటి అడగండి: ఒక బొమ్మకు ఎంతమంది, ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలు? ఇరవై మందికి ఒక్క బొమ్మ అంటే మీ వంతు వచ్చేసరికి క్లాసు అయిపోతుంది. పని చేసేవాళ్లకు వచ్చిన భాషలో చెప్పాలి. ఒడిశా, బిహార్ కూలీలున్న షెడ్డులో తెలుగులో చెప్పి సంతకాలు తీసుకుంటే అది కాగితానికే. పరీక్షలో అందరూ పాసయ్యే కోర్సును అనుమానించండి.

కార్డు రెండేళ్లు చెల్లినా చేయి మూడు నుంచి ఆరు నెలల్లోనే మర్చిపోవడం మొదలుపెడుతుంది. మళ్లీ పూర్తి క్లాసు అక్కర్లేదు. మూడు నెలలకొకసారి భద్రతా సమావేశం చివర ఒక బొమ్మ తెచ్చి, ఒక్కొక్కరితో రెండు నిమిషాలు నొక్కించి, పెట్టె ఎక్కడుందో చూపించమంటే చాలు. ఈ రెండో పనిలో తప్పేవాళ్లే ఎక్కువ.